కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో జట్టు పరిమాణం, అనుభవ పంపకం

కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ ఆటల రూపకల్పనలో రెండు నిర్ణయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి, ఆడేవారి జట్టులో ఎన్ని పాత్రలు ఉండవచ్చన్నది. రెండోది, పోరాటాల వల్లా క్వెస్టుల వల్లా వచ్చే అనుభవ పాయింట్లను ఆ పాత్రల మధ్య ఎలా పంచాలన్నది. జట్టు పెరిగితే బలం పెరుగుతుంది. సమానంగా పంచే ఆటల్లో ఒక్కొక్కరి వాటా తగ్గి, ఎదుగుదల నెమ్మదిస్తుంది. ఈ రెంటి మధ్య తూకం కుదిర్చేందుకు పంపకం నియమం, లెవెల్ పట్టిక, శత్రువుల బలం అనే మూడింటినీ కలిపి నిర్ణయిస్తారు. 1981 నుంచి నేటి వరకు వచ్చిన ప్రధాన ఆటలు ఈ సమస్యను భిన్నమైన పద్ధతుల్లో పరిష్కరించాయి.

## నిర్వచనం, పరిధి

పాత్ర సాధించిన పనులకు ప్రతిఫలంగా ఆట ఇచ్చే అంకెలే అనుభవ పాయింట్లు. ఆడేవారి వాడుకలో వీటిని ఎక్స్‌పీ అంటారు. ఇవి నిర్ణీత సంఖ్యకు చేరగానే పాత్ర లెవెల్ పెరుగుతుంది. దాంతో ప్రాణశక్తి, దాడి సామర్థ్యం, మంత్రాలు, నైపుణ్యాలు మెరుగవుతాయి. ఏ లెవెల్‌కు ఎన్ని పాయింట్లు కావాలో చెప్పేది లెవెల్ పట్టిక.

జట్టు లేదా పార్టీ అంటే ఆడేవారి అధీనంలో కలిసి సాగే పాత్రల సమూహం. పోరులో దిగినవారు క్రియాశీల సభ్యులు. శిబిరంలోనో ఓడలోనో ఆగిపోయినవారు నిరీక్షణ సభ్యులు. ఒక్క పాత్రతోనే ఆట మొత్తం ఆడటాన్ని సోలో ఆట అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా ఒక్కరే కూర్చుని జట్టును నడిపే ఆటలకు సంబంధించినది. అనేకమంది కలిసి ఆడే ఆటల ప్రస్తావన వేరే విభాగంలో ఉంది (చూ. ఆన్‌లైన్ ఆటల్లో పంపకం).

## చరిత్ర

### బల్లపై ఆడే ఆటల వారసత్వం

అనుభవ పాయింట్లు, లెవెళ్ళు అనే ఏర్పాటు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ద్వారా 1974లో ప్రచారంలోకి వచ్చింది. అందులో శత్రువులను ఓడించినందుకే కాక, తెచ్చుకున్న నిధికి కూడా అనుభవం లభించేది. జట్టు సంపాదనను సభ్యులకు పంచడం ఆనవాయితీ. ఆటను నడిపే డంజన్ మాస్టర్ వచ్చిన ఆటగాళ్ళ సంఖ్యను చూసి శత్రువులను పెంచడమో తగ్గించడమో చేయగలడు. కంప్యూటర్ ఆటలో అలా సర్దే మనిషి ఉండడు కాబట్టి, ఆ తీర్పును ముందుగానే సూత్రాల రూపంలో రాసి పెట్టాలి. జట్టు పరిమాణం, అనుభవ పంపకం ఒక రూపకల్పన సమస్య కావడానికి మూలం ఇదే.

### 1980వ దశకం

1981లో సర్‌టెక్ సంస్థ విడుదల చేసిన విజార్డ్రీ తొలి ఆట జట్టు పద్ధతికి నమూనాగా నిలిచింది. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దీని రూపకర్తలు. ఆరు పాత్రల జట్టు నేలమాళిగలోకి దిగుతుంది. పోరు ముగిశాక బతికి ఉన్నవారికే అనుభవం పంచుతారు.

1983లో వచ్చిన అల్టిమా 3లో జట్టు నలుగురిది. అక్కడ శత్రువును చివరి దెబ్బతో పడగొట్టిన పాత్రకే అనుభవం దక్కుతుంది. 1985 నాటి ది బార్డ్స్ టేల్‌లో ఆరుగురితో పాటు రప్పించిన ప్రాణికి మరో స్థానం ఉండేది. 1987లో వచ్చిన డంజన్ మాస్టర్ అనే ఆట పంపకాన్నే పక్కన పెట్టింది. నలుగురు వీరుల్లో ఎవరు కత్తి తిప్పితే వారి యుద్ధ నైపుణ్యం, ఎవరు మంత్రం వేస్తే వారి మంత్ర నైపుణ్యం పెరిగేవి. 1988లో ఎస్‌ఎస్‌ఐ తెచ్చిన పూల్ ఆఫ్ రేడియన్స్ అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలతో ఆరుగురి జట్టును నడిపింది. మరో ఇద్దరు సహాయక పాత్రలను చేర్చుకునే వీలు ఇచ్చింది.

### జపాన్ ఆటలు

జపాన్‌లో జట్టు క్రమంగా పెరిగింది. డ్రాగన్ క్వెస్ట్ మొదటి ఆట (1986) ఒకే వీరుడిది. రెండోది (1987) ముగ్గురిది, మూడోది (1988) నలుగురిది. 1987లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ నలుగురితో మొదలై, బతికి ఉన్న సభ్యులకు అనుభవాన్ని పంచింది. కథలో పాత్రల సంఖ్య పెరిగిన కొద్దీ నిరీక్షణ సభ్యులు వెనకబడే సమస్య ముందుకొచ్చింది. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 పోరుకు దూరంగా ఉన్నవారికి సగం అనుభవం ఇచ్చింది. 2001 నాటి ఫైనల్ ఫాంటసీ 10లో పోరు మధ్యలో సభ్యులను మార్చుకోవచ్చు. ఒక్క వంతు ఆడినవారికి కూడా పూర్తి ప్రతిఫలం దక్కుతుంది. 108 పాత్రల కథ గల సుయికోడెన్ (1995) లెవెల్ తేడాను బట్టి అనుభవాన్ని మార్చింది. అందువల్ల తక్కువ లెవెల్‌లో చేరినవారు కొద్ది పోరాటాల్లోనే మిగతావారిని అందుకుంటారు.

### 1998 తర్వాత

బయోవేర్ సంస్థ 1998లో విడుదల చేసిన బాల్డర్స్ గేట్ ఆరుగురి జట్టును, సమాన పంపకాన్ని, అనుభవానికి గరిష్ఠ పరిమితిని కలిపి వాడింది. అదే సంస్థ 2003లో తెచ్చిన స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌లో కథానాయకుడితో ఇద్దరే వెళ్తారు. అనుభవం మాత్రం ఓడలో ఉన్నవారికి కూడా అందుతుంది. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ క్రియాశీల జట్టును నలుగురికి పరిమితం చేసింది. అబ్సిడియన్ సంస్థ పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ (2015)లో ఆరుగురి జట్టుకు తిరిగి వెళ్ళి, 2018లో వచ్చిన రెండో భాగంలో ఐదుగురికి తగ్గింది. లారియన్ సంస్థ ఆటలైన డివినిటీ: ఒరిజినల్ సిన్ 2 (2017), బాల్డర్స్ గేట్ 3 (2023) నలుగురి జట్టుతో, విభజన లేని అనుభవంతో సాగుతాయి.

## అనుభవ పంపక పద్ధతులు

### సమాన విభజన

మొత్తం అనుభవాన్ని సభ్యుల సంఖ్యతో భాగించడం అన్నిటికంటే సరళమైన పద్ధతి. 600 పాయింట్ల శత్రువును ఆరుగురు ఓడిస్తే తలా 100, ముగ్గురు ఓడిస్తే తలా 200 వస్తాయి. చిన్న జట్టు తీసుకునే అపాయానికి ప్రతిఫలం తానుగా అందడం దీని ప్రయోజనం. సభ్యుణ్ణి చేర్చుకున్న ప్రతిసారీ మిగతావారి ఎదుగుదల మందగించడం దీని పరిమితి. బహువర్గ పాత్రలు, అంటే ఫైటర్, థీఫ్ వంటి వృత్తి వర్గాల్లో ఒకటికి మించి కలిగిన పాత్రలు, ఉన్న ఆటల్లో విభజన రెండు అంచెల్లో జరుగుతుంది. బాల్డర్స్ గేట్‌లో రెండు వర్గాల పాత్ర తనకు వచ్చిన ఆరో వంతును మళ్ళీ రెండుగా చేసుకుంటుంది.

### పూర్తి వాటా

ప్రతి సభ్యుడికీ మొత్తం అనుభవం అందుతుంది. జట్టు చిన్నదైనా పెద్దదైనా లెవెల్ ఒకటే. రూపకర్తకు ఏ ఘట్టంలో ఆడేవారు ఏ లెవెల్‌లో ఉంటారో అంచనా వేయడం సులువు. చిన్న జట్టుకు ప్రత్యేక లాభం ఉండదు కాబట్టి, తక్కువ మందితో ఆడేవారి కోసం వేరే ఏర్పాటు చేయాల్సి వస్తుంది.

### చర్యను బట్టి అనుభవం

చివరి దెబ్బ కొట్టినవారికో, పని చేసినవారికో అనుభవం ఇస్తారు. ఫైర్ ఎంబ్లెమ్ ఆటల్లో దాడి చేసిన యోధుడికి కొంత, శత్రువును చంపితే మరింత లభిస్తుంది. ఈ పద్ధతిలో వైద్యం చేసేవారు, కవచంగా నిలిచేవారు వెనకబడే అవకాశం ఉంటుంది. వారి ఎదుగుదల కోసం ఆడేవారు బలహీనపడిన శత్రువులను ప్రత్యేకంగా అప్పగిస్తారు. వైద్యానికి కూడా అనుభవం ఇవ్వడం ద్వారా కొన్ని ఆటలు దీన్ని సరిచేశాయి.

### లెవెల్‌ను బట్టి సవరణ

2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ముద్రణ నియమాల్లో శత్రువు సవాలు స్థాయిని పాత్ర లెవెల్‌తో పోల్చి అనుభవం లెక్కిస్తారు. తనకంటే చాలా బలహీనమైన శత్రువు నుంచి పాత్రకు ఏమీ రాదు. ఈ నియమాలను అనుసరించిన ఐస్‌విండ్ డేల్ 2 (2002) జట్టు సగటు లెవెల్‌ను లెక్కలోకి తీసుకుంది. పోకెమాన్ పరంపరలో బ్లాక్, వైట్ ఆటలు (2010) గెలిచిన ప్రాణికీ ఓడిన ప్రాణికీ ఉన్న లెవెల్ తేడాను సూత్రంలో చేర్చాయి.

### క్వెస్టుల ఆధారంగా

శత్రువులను చంపినందుకు కాక, పని పూర్తి చేసినందుకు అనుభవం ఇవ్వడం మరో పద్ధతి. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీలో శత్రువుల వల్ల అనుభవం ఆ జాతి గురించిన సమాచారం నిండే వరకే వస్తుంది. మిగతాది ప్రధానంగా క్వెస్టులు, అన్వేషణ, తాళాలు, ఉచ్చుల నుంచి లభిస్తుంది. ఒకే రకం శత్రువులతో పదే పదే తలపడి లెవెల్ పెంచుకునే గ్రైండింగ్‌కు ఇది అవకాశం తగ్గిస్తుంది.

## లెవెల్ పట్టిక ఆకారం

సమాన విభజన ఎంత తేడా తెస్తుందన్నది లెవెల్ పట్టిక ఆకారం మీద ఆధారపడుతుంది. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ముద్రణలో ఫైటర్‌కు 2వ లెవెల్‌కు 2,000 పాయింట్లు కావాలి. తర్వాత ప్రతి లెవెల్‌కూ అవసరం దాదాపు రెట్టింపవుతూ 7వ లెవెల్‌కు 64,000, 8వ దానికి 1,25,000, 9వ దానికి 2,50,000, 10వ దానికి 5,00,000 అవుతుంది. అక్కడి నుంచి ఒక్కో లెవెల్‌కు అదనంగా 2,50,000 చొప్పున స్థిరపడుతుంది. ఒకే సంపాదనతో ఆరుగురి జట్టులోని ఫైటర్, సోలో ఫైటర్ ఎక్కడ ఉంటారో కింది పట్టిక చూపుతుంది.

| మొత్తం సంపాదన | ఆరో వంతు వాటా | జట్టు ఫైటర్ లెవెల్ | సోలో ఫైటర్ లెవెల్ | తేడా |
|---|---|---|---|---|
| 24,000 | 4,000 | 3 | 5 | 2 |
| 96,000 | 16,000 | 5 | 7 | 2 |
| 3,84,000 | 64,000 | 7 | 9 | 2 |
| 15,00,000 | 2,50,000 | 9 | 14 | 5 |
| 30,00,000 | 5,00,000 | 10 | 20 | 10 |

రెట్టింపు దశలో ఆరు రెట్ల సంపాదన రెండు లెవెళ్ళ ఆధిక్యాన్నే ఇస్తుంది. పెరుగుదల స్థిరపడిన దశలో అదే ఆరు రెట్లు పది లెవెళ్ళ తేడాగా మారుతుంది. పంపకం నియమం మారకపోయినా ఆట తొలి భాగంలో పెద్ద జట్టుకు, చివరి భాగంలో చిన్న జట్టుకు అనుకూలత ఏర్పడటానికి కారణం ఇదే.

మూడో ముద్రణ పట్టిక ఇంకో రకం. 2వ లెవెల్‌కు 1,000, 3వ దానికి 3,000, 4వ దానికి 6,000, 5వ దానికి 10,000 పాయింట్లు కావాలి. కేవలం భాగించి పంచితే, జట్టు సభ్యుడు 10,000తో 5వ లెవెల్‌లో ఉన్నప్పుడు సోలో పాత్ర 60,000తో 11వ లెవెల్ చేరాలి. లెవెల్ పెరిగిన కొద్దీ అనుభవం తగ్గించే నియమం ఈ దూకుడుకు అడ్డుకట్ట వేస్తుంది (చూ. లెవెల్‌ను బట్టి సవరణ).

## జట్టు పరిమాణం వల్ల బలంలో వచ్చే మార్పు

లెవెల్ తేడా ఒక్కటే బలాన్ని నిర్ణయించదు. ఒక్కో వంతుకు జట్టు ఎన్ని పనులు చేయగలదన్నది అంతే ముఖ్యం. ఆరుగురు ఉంటే ఒకే వంతులో ఒకరు శత్రువును కదలకుండా చేయవచ్చు, ఒకరు వైద్యం చేయవచ్చు, మిగతా నలుగురూ దాడి చేయవచ్చు. ఒంటరి పాత్ర వీటిలో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఆ పాత్ర స్పృహ తప్పినా రాయిగా మారినా ఆట అక్కడితో ముగుస్తుంది. జట్టులో మరొకరు ఆ బాధను తొలగించగలరు.

బ్రిటిష్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916లో ప్రచురించిన వర్గ సూత్రం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. అందరూ అందరిపై దాడి చేయగల దూరపు పోరులో, సేన బలం దాని సంఖ్య వర్గానికి అనుపాతంలో ఉంటుందని ఆ సూత్రం చెబుతుంది. ఆ లెక్కన సమాన శక్తి గల ఆరుగురి బలం ఒక్కరి బలానికి 36 రెట్లు. ఇరుకు దారులు, ఒకేసారి అనేకులను తాకే మంత్రాలు, కవచాల తేడాలు ఉండే ఆటల్లో ఈ లెక్క యథాతథంగా వర్తించదు. సంఖ్య పెరిగినదానికంటే బలం వేగంగా పెరుగుతుందన్న ధోరణిని మాత్రం ఇది వివరిస్తుంది.

చిన్న జట్టుకు అనుకూలించే అంశాలు కూడా ఉన్నాయి. మేటి ఆయుధాలు, కవచాలు, మంత్ర వస్తువులు కొద్దిమంది వద్దే చేరతాయి. వైద్యపు మందులు ఎక్కువ కాలం వస్తాయి. ఇరుకు చోట్ల కదలిక సులువు. ఇందుకు భిన్నంగా తాళాలు తీయడం, ఉచ్చులు గుర్తించడం, బేరమాడటం వంటి నైపుణ్యాలన్నీ సమకూర్చుకోవడం చిన్న జట్టుకు కష్టమవుతుంది.

## సమతుల్యత సాధనాలు

### గరిష్ఠ పరిమితులు

ఎదుగుదలకు పైకప్పు ఉంటే చిన్న జట్టు దాన్ని ముందుగా చేరుతుంది, కానీ దాటలేదు. పూల్ ఆఫ్ రేడియన్స్‌లో ఫైటర్‌కు 8, థీఫ్‌కు 9, క్లెరిక్, మ్యాజిక్ యూజర్‌లకు 6వ లెవెల్ హద్దు. బాల్డర్స్ గేట్‌లో ఒక్కో పాత్రకు 89,000 పాయింట్లు హద్దు, దాని అనుబంధంతో అది 1,61,000 అయింది. ఆరుగురూ 89,000 చేరాలంటే మొత్తం 5,34,000 పాయింట్లు సంపాదించాలి. ఒంటరి పాత్ర ఎదుగుదల ఆటలో చాలా ముందే ఆగిపోతుంది. బాల్డర్స్ గేట్ 3 హద్దు 12వ లెవెల్.

### చిన్న జట్టుకు అదనపు లాభం

పూర్తి వాటా ఇచ్చే ఆటలు పరిహారాన్ని మరో రూపంలో ఇస్తాయి. డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో ఒక్కరుగానో ఇద్దరుగానో ఆడేవారు లోన్ వుల్ఫ్ అనే ప్రత్యేకతను ఎంచుకోవచ్చు. వారు గుణాలకు, పోరు నైపుణ్యాలకు కేటాయించిన పాయింట్లు హద్దుల మేరకు రెట్టింపుగా పనిచేస్తాయి. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ పూర్తి జట్టు లేనివారికి అదనపు అనుభవం ఇస్తుంది.

### శత్రువుల బలాన్ని సవరించడం

విజార్డ్రీ 8 (2001) జట్టు లెవెల్‌ను చూసి ఎదురయ్యే శత్రువులను ఎంచుతుంది. 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ముద్రణ మార్గదర్శకాలు ముగ్గురికంటే తక్కువ మంది ఉంటే పోరును మరింత కఠినంగా, ఆరుగురు లేదా అంతకు మించితే మరింత సులువుగా లెక్కించమంటాయి. లెవెల్‌ను మాత్రమే చూసే సవరణలో ఒక చిక్కు ఉంది. త్వరగా ఎదిగిన ఒంటరి పాత్రకు పూర్తి జట్టుకు తగిన శత్రువులే ఎదురవుతారు.

### నిరీక్షణ సభ్యులు, కొత్త సభ్యులు

ఆలస్యంగా చేరేవారు పనికిరాకుండా పోకుండా బాల్డర్స్ గేట్ వారిని కథానాయకుడి అనుభవానికి దగ్గరి లెవెల్‌లో చేరుస్తుంది. ఆగిపోయిన సభ్యులకు పూర్తి అనుభవం ఇవ్వడం, సగం ఇవ్వడం, ఏమీ ఇవ్వకపోవడం అనే మూడు మార్గాలున్నాయి. పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ (2018) ఈ నిర్ణయాన్ని ఆడేవారి సెట్టింగ్‌గా ఉంచింది. పోకెమాన్‌లో ఎక్స్‌పీ షేర్ అనే వస్తువు 2013 నాటి ఎక్స్, వై ఆటల్లో జట్టు మొత్తానికి వర్తించింది. పోరులో దిగినవారికి పూర్తి, మిగతావారికి సగం దక్కేవి. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో అది శాశ్వత నియమమైంది.

### జట్టు సంఖ్యను నైపుణ్యానికి ముడిపెట్టడం

ఫాల్అవుట్ 2 (1998)లో వెంట ఉండగల సహచరుల సంఖ్య కథానాయకుడి చరిష్మా గుణంలో సగానికి పరిమితం. పెద్ద జట్టు కావాలనుకున్నవారు సొంత బలం పెంచే ఇతర గుణాలకు వాడే పాయింట్లను చరిష్మాకు కేటాయించాలి.

## ఆన్‌లైన్ ఆటల్లో పంపకం

అనేకమంది కలిసి ఆడే ఆటల్లో ఒక్కో పాత్ర వెనక ఒక్కో మనిషి ఉంటాడు. కేవలం భాగించి పంచితే జట్టుకట్టడం నష్టదాయకంగా కనిపిస్తుంది. అందుకే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004) తొలి రూపంలో మొత్తం అనుభవాన్ని ముగ్గురికి 1.166, నలుగురికి 1.3, ఐదుగురికి 1.4తో గుణించి పంచేవారు. సమాన లెవెల్ గల ఐదుగురిలో ఒక్కొక్కరికి 20 శాతానికి బదులు 28 శాతం అందేది. డయాబ్లో 2 (2000)లో ఒకే ఆటలో ఎనిమిది మంది దాకా చేరవచ్చు. చేరిన ప్రతి అదనపు ఆటగాడికీ శత్రువుల ప్రాణశక్తి, వారి నుంచి వచ్చే అనుభవం 50 శాతం చొప్పున పెరుగుతాయి. ఎనిమిది మంది ఉంటే ఇవి 4.5 రెట్లు. సిటీ ఆఫ్ హీరోస్ (2004) తక్కువ లెవెల్ మిత్రుణ్ణి తాత్కాలికంగా ఎక్కువ లెవెల్ ఆటగాడి స్థాయికి దగ్గర చేసే సైడ్‌కిక్ పద్ధతిని తెచ్చింది.

పెద్ద ఆటగాడు శత్రువులను చంపుతుంటే చిన్న లెవెల్ ఆటగాడు పక్కన నిలబడి ఎదగడాన్ని పవర్ లెవెలింగ్ అంటారు. సభ్యుల లెవెల్ నిష్పత్తిలో పంచడం, లెవెల్ తేడా మించితే వాటా తగ్గించడం దీనికి సాధారణ నివారణలు.

## ఆడేవారి ఆచరణలు

సమాన విభజన ఉన్న ఆటల్లో సోలో ఆట ఒక స్థిరమైన సవాలుగా ఏర్పడింది. తొలి లెవెళ్ళలో ప్రాణం నిలుపుకోవడం కష్టం, తర్వాతి లెవెళ్ళలో పాత్ర అత్యంత బలంగా ఉంటుంది. ముగ్గురు లేదా నలుగురితో ఆడటం మధ్యేమార్గం. అవసరమైన వర్గాలు దాదాపు అన్నీ ఉంటాయి, వాటా ఆరుగురి జట్టుకంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వస్తుంది. క్వెస్టు పూర్తయ్యే క్షణంలో సహచరులను జట్టు నుంచి తప్పించి ఎక్కువ వాటా పొందడం, బతికి ఉన్నవారికే పంచే ఆటల్లో కొందరిని పడిపోయిన స్థితిలోనే ఉంచడం వంటి ఉపాయాలు కూడా సమాన విభజన ఉన్నచోటే పుడతాయి.

## భిన్నాభిప్రాయాలు

సమాన విభజనను సమర్థించేవారు జట్టు పరిమాణం ఆడేవారి వ్యూహంలో భాగం కావాలని, చిన్న జట్టు కష్టానికి ఫలితం అంకెల్లో కనిపించాలని వాదిస్తారు. పూర్తి వాటాను సమర్థించేవారి దృష్టిలో సహచరులు కథకు ప్రాణం. వారిని చేర్చుకున్నందుకు ఎదుగుదల తగ్గితే, కథను పూర్తిగా చూడాలనుకునే ఆటగాడు నష్టపోతాడు. నిరీక్షణ సభ్యులకు అనుభవం ఇవ్వడం మీద కూడా రెండు వాదాలున్నాయి. ఇస్తే ఏ ఘట్టంలోనైనా నచ్చినవారిని వెంట తీసుకెళ్ళవచ్చు. ఇవ్వకపోతే ఎవరిని పెంచాలన్న ఎంపికకు విలువ ఉంటుంది.

## ప్రాముఖ్యం

జట్టు పరిమాణం, అనుభవ పంపకం ఆట కఠినతనే కాక దాని నిడివిని, కథ చెప్పే తీరును, మళ్ళీ ఆడించే గుణాన్ని ప్రభావితం చేస్తాయి. ప్రధాన విడుదలల్లో క్రియాశీల జట్టు ఆరుగురి నుంచి నలుగురు, ముగ్గురికి తగ్గడం, పూర్తి వాటా పద్ధతి విస్తరించడం 2000 తర్వాతి ధోరణి. ఆరుగురి జట్టు, సమాన విభజన అంతరించలేదు. పాత నియమాల మీద ఆధారపడిన ఆటల్లో అవి కొనసాగుతున్నాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా పంపకం నియమం ఒక్కదానితో సమతుల్యత రాదు. ఆ నియమానికి తగిన లెవెల్ పట్టిక, జట్టు సంఖ్యకు తగిన పోరు, ఎదుగుదలకు తగిన హద్దు కలిసి ఉన్నప్పుడే ఒంటరి పాత్రతో ఆడేవారికీ పూర్తి జట్టుతో ఆడేవారికీ ఆట చివరి వరకు సవాలుగా నిలుస్తుంది.